ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?

ఈ మధ్య పొదుపు సంఘాల సమావేశాల్లో ఏ ఊళ్లో కూర్చున్నా మాట చివరికి ఫోను దగ్గరికే వస్తోంది. కిస్తీల గురించి మొదలైన చర్చ "యాప్ తెరుచుకోవడం లేదండి" అన్న దగ్గర ఆగిపోతుంది. నిన్నటి దాకా పచ్చళ్లు, ఎండు చేపలు, కొబ్బరి తాళ్లు సంతలో అమ్ముకున్న ఆడవాళ్లు ఇవాళ వెబ్‌సైటు పనిచేయడం లేదనీ, క్యూఆర్ కోడుకు పంపిన డబ్బు కనబడటం లేదనీ, జీఎస్టీ పోర్టల్ లోపలికి రానివ్వడం లేదనీ చెబుతున్నారు. స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల్లో చాలామంది దీనికి ఒకే సమాధానం ఇస్తారు: "అది టెక్నికల్ సమస్య, ఎవరైనా కుర్రాడికి చూపించండి." ఆ కుర్రాడు ఎవరు, అతని చేతికి మనం ఏం ఇస్తున్నాం అన్నది ఆలోచించాల్సిన విషయమని నా ఉద్దేశం. ఎందుకంటే నేను చూసిన మేరకు, చిన్న వ్యాపారాలు నడిపే స్త్రీల సాఫ్ట్‌వేర్ సమస్యల్లో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ సమస్యలు కావు. అవి యాజమాన్యపు సమస్యలు.

కాట్రేనికోన సంగతి చెబుతాను. గోదావరి సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా ఉన్న మండలం ఇది. ఒక వైపు కొబ్బరి తోటలు, ఇంకో వైపు పల్లం, చిర్రయానాం లాంటి మత్స్యకారుల ఊళ్లు. పీచు పని, తాళ్లు పేనడం, చేపలు ఎండబెట్టడం, తట్టల్లో మోసుకెళ్లి అమ్మడం, వీటిలో ఆడవాళ్ల చెయ్యి పడనిది లేదు. అక్కడ నలుగురు స్త్రీలు కలిసి నడిపే ఒక చిన్న వ్యాపారం నాకు కొన్నేళ్లుగా తెలుసు. కొబ్బరి ఉండలు, రొయ్యల పచ్చడి, ఎండు రొయ్యలు చేస్తారు. హైదరాబాదులోనూ, బయటి దేశాల్లోనూ ఉన్న కోనసీమ వాళ్లు ఆర్డర్లు పెట్టేవారు. వాళ్లలో ఒకావిడ మరిది కొడుకు ఇంజనీరింగు చదువుకునే రోజుల్లో వీళ్లకొక వెబ్‌సైటు చేసిపెట్టాడు. తర్వాత ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు.

ఒక రోజు పొద్దున్న ఆ సైటు తెరిస్తే పచ్చళ్ల బదులు ఏవేవో ప్రకటనలు కనబడ్డాయి. ఆర్డర్లు ఆగిపోయాయి. వీళ్లు ముందు ఫోను పాడైందనుకున్నారు. రీఛార్జి చేయించారు. తర్వాత టౌనుకు వెళ్లి ఒక రిపేరు కొట్లో చూపిస్తే అక్కడి అబ్బాయి ఫోనంతా తుడిచేసి కొత్తదానిలా చేసి ఇచ్చాడు. దాంతో పాత ఆర్డర్ల మెసేజిలు, సరుకు ఫొటోలు, బాకీల లెక్క మొత్తం పోయాయి. సైటు మాత్రం అలాగే ఉంది. ఫోనులో అసలు లోపమే లేదు మరి.

జరిగింది చాలా మామూలు విషయం. వెబ్‌సైటు అనేది ఒక వస్తువు కాదు, మూడు. ఒకటి దాని పేరు, అంటే డొమైన్. రెండోది సరుకు సర్దుకునే చోటు, అంటే హోస్టింగు. మూడోది తలుపుకున్న తాళం, అంటే భద్రతా సర్టిఫికెట్. కొట్టు బోర్డు, అద్దె గది, తాళంకప్ప అనుకోండి. మూడూ మూడు చోట్ల కొనవచ్చు, మూడింటికీ వేరువేరు గడువులుంటాయి. వీటిలో పేరు ఎప్పటికీ మన సొంతం కాదు. ఏడాదికో, కొన్నేళ్లకో రుసుము కట్టి తీసుకుంటాం, గడువు తీరకముందే మళ్లీ కట్టాలి. డాట్ కామ్ లాంటి పేర్లకు గడువు తీరే నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి కంపెనీ గుర్తుచేయాలన్న నిబంధన ఉంది. గుర్తుచేసే ఉంటారు. కానీ ఆ ఉత్తరాలు వెళ్లింది ఆ అబ్బాయి కాలేజీ రోజుల నాటి ఈమెయిలుకు. దాన్ని అతను తెరిచి చూడటం మానేసి చాలా కాలమైంది. అతని పాత సిమ్ కూడా ఆగిపోయింది. గడువు తీరి పేరు రద్దయ్యాక కూడా పాత యజమాని విడిపించుకోవడానికి ముప్పై రోజులు ఉంటాయి, అయితే మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టాలి. కట్టడానికి ఈ నలుగురూ సిద్ధపడ్డారు. కానీ కంపెనీ దృష్టిలో పాత యజమాని వీళ్లు కాదు. ఆ అబ్బాయి.

"మరి ఇన్నాళ్లూ మేం ఎవరి కొట్లో అమ్మినట్టండీ?" అని వాళ్లలో పెద్దావిడ అడిగింది.

ఆ అబ్బాయి దుర్మార్గుడేమీ కాదు. ఫోను చేయగానే సెలవు పెట్టుకుని మరీ పాత ఈమెయిలు తాళం విప్పించుకున్నాడు, పేరు విడిపించి వీళ్లకు అప్పగించాడు. మంచివాడు కాబట్టి సరిపోయింది. మన వ్యాపారం నిలబడటం ఒక మగవాడి మంచితనం మీద ఆధారపడి ఉన్నప్పుడు దాన్ని సాధికారత అని రిపోర్టుల్లో రాసుకోవడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇది కొత్త కథ కాదు. వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న నరసాపురం లేసు పని గురించి మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని ఏటికి ఇవతల రాజోలు వైపు ఊళ్లకు కూడా పాకింది. గంటల తరబడి లేసు అల్లే స్త్రీలను "ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులు"గా లెక్కగట్టారనీ, వాళ్లు అల్లిన సరుకును ప్రపంచ మార్కెట్టుకు పంపే మగవాళ్లు మాత్రం వ్యాపారులు, ఎగుమతిదారులు అయ్యారనీ ఆమె చూపించింది. కూలి తక్కువ ఎందుకంటే అది పని కాదు, తీరిక వేళ కాలక్షేపం కాబట్టి. ఈ వాదన నలభై ఏళ్ల తర్వాత కూడా నాకు పాతబడినట్టు అనిపించదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరి పేరును ఎవరుపడితే వాళ్లు వాడుకోకుండా అది కాపాడుతుంది. అయితే కుండ మీద రేకు తీసే స్త్రీ చేతికీ, ఆ రేకు కొనేవాడి ఫోనులో కనబడే పేజీకీ మధ్య ఒక ఖాతా ఉంటుంది. ఆ ఖాతా ఎవరి పేరున ఉందో భౌగోళిక గుర్తింపు చెప్పదు. ఒకప్పుడు నూలు తెచ్చి ఇచ్చి లేసు పట్టుకుపోయే దళారీ గుమ్మంలో నిలబడి కనబడేవాడు. ఇప్పటి దళారీ పాస్‌వర్డు వెనక ఉంటాడు, పైగా చాలాసార్లు సొంత ఇంటివాడే అయి ఉంటాడు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21 నాటిది, ఇంటర్నెట్టు ఎప్పుడైనా వాడారా అని అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో వాడామని చెప్పిన స్త్రీలు వందకు 21 మంది, పురుషులు దాదాపు 49 మంది. దేశం మొత్తం మీద స్త్రీలలో ఇది వందకు 33. ఆ తర్వాత ఫోనులు పెరిగాయి, నిజమే. కానీ ఫోను చేతిలో ఉండటం వేరు, ఆ ఫోనులోని సిమ్ ఎవరి ఆధార్ మీద ఉందన్నది వేరు. గూగుల్ ఖాతా ఎవరిది, క్యూఆర్ కోడు ఎవరి బ్యాంకు ఖాతాకు కట్టి ఉంది అని అడిగితే బొమ్మ మారిపోతుంది. "డబ్బు కనబడటం లేదు" అన్న ఫిర్యాదు విన్నప్పుడల్లా నేను ముందు ఇదే అడుగుతాను. బల్ల మీద ఉన్న స్టిక్కరు భర్త ఖాతాది అయితే డబ్బు ఎక్కడికీ పోలేదు. స్టిక్కరు చెప్పిన చోటికే వెళ్లింది. దానికి ఏ రిపేరు కొట్టూ పనికిరాదు.

అలాగని నిజమైన సాంకేతిక లోపాలు లేవని కాదు. ఉన్నాయి, వాటిలో చాలావాటిని సంఘంలోని స్త్రీలు తామే కనిపెట్టవచ్చు. ముందుగా చేయాల్సింది, తెర మీద ఏం రాసి ఉందో అక్షరం పొల్లు పోకుండా రాసుకోవడం, లేదా స్క్రీన్ షాట్ తీసి పెట్టుకోవడం. "ఏదో ఎర్రగా వచ్చిందండి, మూసేశాను" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. తర్వాత, ఆ సమస్య ఒక్క ఫోనులోనే ఉందా, అందరి ఫోనుల్లోనూ ఉందా చూడాలి. వేరే కంపెనీ సిమ్ ఉన్న పక్కవీధి ఆవిడను అదే సైటు తెరిచి చూడమంటే చాలు, సగం సంగతి తేలిపోతుంది. ఆవిడకు తెరుచుకుంటే లోపం మన ఫోనుది గానీ మన సిగ్నలుది గానీ అవుతుంది. ఆవిడకూ తెరుచుకోకపోతే మన ఫోనును ఎవరి చేతికీ ఇవ్వకూడదు, తుడిపించకూడదు.

"ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తే భయపడి సైటే మూసేసుకున్న వాళ్లున్నారు. ఫోనులో తేదీ తప్పుగా ఉన్నా ఆ మాట వస్తుంది, తేదీ సరిచేస్తే పోతుంది. తేదీ సరిగానే ఉండి అందరికీ అదే వస్తుంటే మూడోదైన తాళం గడువు తీరిందన్నమాట. ఉచితంగా దొరికే సర్టిఫికెట్లలో మూడు నెలల గడువువి బాగా వాడుకలో ఉన్నాయి. అవి వాటంతట అవే కొత్తవి అయ్యేలా ఏర్పాటు చేస్తారు. ఆ ఏర్పాటు ఎక్కడో తెగితే కొనేవాళ్లకు ఈ బెదిరింపు కనబడుతుంది. హోస్టింగు కంపెనీకి చెబితే సాధారణంగా సరిచేస్తారు. అక్కడా మళ్లీ అదే ప్రశ్న, వాళ్లు ఎవరి మాట వింటారు? ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ల మాట.

యాప్ కొత్తది కావడం లేదంటే చాలాసార్లు కారణం ఫోనులో చోటు లేకపోవడమే. దేవుడి వీడియోలు, గుడ్ మార్నింగు బొమ్మలు తీసేస్తే సరిపోతుంది. ఇది వినడానికి నవ్వులాటగా ఉన్నా, ఇంటికి ఒకే ఫోను ఉండి అందులో పిల్లల ఆటలు, మగవాళ్ల సినిమాలు నిండిపోయి అమ్మ వ్యాపారపు యాప్‌కు చోటు లేకపోవడం నేను కళ్లారా చూశాను. ఇంట్లో ఆవిడకొక గది లేనట్టే ఫోనులోనూ చోటు లేదు.

యూపీఐ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పంపడానికే కావాలి. "మీకు ఎక్కువ పంపేశాను, తిరిగి రావాలంటే పిన్ కొట్టండి" అని ఎవరన్నా అది మోసం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి, ఇంట్లో ఏమంటారోనని సాయంత్రం దాకా ఆగకూడదు. ఆ భయమే దొంగలకు చాలా సాయం చేస్తోంది.

జీఎస్టీ దగ్గర మరో చిక్కు. రిజిస్ట్రేషన్ చేయించిన మనిషి తన ఫోను నెంబరు, తన ఈమెయిలు పెట్టేస్తాడు. ఆవిడకు సంబంధించిన నోటీసు అతని దగ్గరికి వెళుతుంది. అతనితో మాట తేడా వచ్చినా, అతను ఊరు మారినా ఆవిడ తన ఖాతాలోకి తాను పోలేదు. దీనికి దారి ఉంది. ఆ ప్రాంతపు పన్నుల అధికారికి వ్యాపారం తనదేనన్న ఆధారాలు చూపిస్తే నెంబరు, ఈమెయిలు మార్పిస్తారు. అసలు రిజిస్ట్రేషన్ అవసరమా అన్నది కూడా చూసుకోవాలి. ఇతరుల ఆన్‌లైన్ వేదికల మీద అమ్మాలంటే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నిబంధనను, రాష్ట్రం లోపలే సరుకు అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి సడలించారు. ఈ మాట చాలా సంఘాలకు ఇంకా చేరలేదు.

ఇక తెలుగు గొడవ. మనలో పత్రికలు, కరపత్రాలు వేయించిన వాళ్లందరికీ అను ఫాంట్లు తెలుసు. డీటీపీ సెంటర్లో చక్కగా కనబడిన పచ్చళ్ల జాబితాను అలాగే తెచ్చి వెబ్‌సైటులో పెడితే అర్థం కాని ఇంగ్లీషు ముక్కలుగా కనబడుతుంది. అది వైరసు కాదు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టుకున్నవి, ఆ ఫాంటు లేని చోట ఇంగ్లీషు అక్షరాలే మిగులుతాయి. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు 1991లోనే వచ్చాయి. యూనికోడ్‌లోకి మార్చిపెడితే ఏ ఫోనులోనైనా తెలుగు కనబడుతుంది. ఒక డీటీపీ అమ్మాయి పది నిమిషాల్లో చేసిపెట్టే ఈ పని తెలియక, "తెలుగు రాదంట, ఇంగ్లీషులోనే పెట్టమన్నారు" అని సర్దుకున్న వాళ్లున్నారు. తమ సరుకు గురించి తమ సైటులో రాసింది తామే చదువుకోలేని పరిస్థితి అది.

కొన్నిసార్లు లోపం ఫోనులోనూ ఉండదు, ఖాతాలోనూ ఉండదు. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో హింస జరిగింది. ఒక దళిత నాయకుడి పేరు తమ చిరునామాలో ఉండటాన్ని భరించలేని కులదురహంకారం ఎంత దూరం పోగలదో ఆ రోజు చూశాం. ఆ పేరు తర్వాత ఖాయమైంది. హింస వెంటనే జిల్లాలో ఇంటర్నెట్టు ఆపేశారు, మళ్లీ రావడానికి చాలా చోట్ల పది రోజులకు పైగా పట్టింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నలు కోసం జిల్లా దాటి వెళుతున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. వాళ్ల కష్టం నిజమే. మరి ఫోను మీద ఆర్డర్లు తీసుకునే స్త్రీ, ఇల్లు వదిలి యానాం వెళ్లి కూర్చోలేనిది, ఆమె గురించి ఎవరు రాశారు? నిలిచిపోయిన చేపల బేరం ఏ నష్టపు లెక్కలోకి ఎక్కింది? అనురాధా భాసిన్ అనే పత్రికా సంపాదకురాలు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, ఇంటర్నెట్టు ద్వారా వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగం 19(1)(జి) అధికరణం కింద రక్షణ ఉందని చెప్పింది. ఇంటర్నెట్టు ఆపే ఉత్తర్వులను ప్రకటించాలని కూడా చెప్పింది. అంటే నెట్టు ఆగినప్పుడు ఉత్తర్వు కాపీ అడిగే హక్కు పచ్చడి అమ్మే స్త్రీకి కూడా ఉంది. హింసను ఆపడానికి ఆపామంటారు. ఎంతకాలం, ఎవరి తిండి మీద అని అడగడం హింసను సమర్థించడం కాదు.

డ్వాక్రా తొలి రోజుల్ని గుర్తుచేసుకుంటే ఇప్పటి పరిస్థితి బాగా అర్థమవుతుంది. అప్పుడు లెక్కల పుస్తకం రాసేవాళ్లు దొరికేవారు కాదు. ఊళ్లో చదువుకున్న మగపిల్లవాడిని కూర్చోబెట్టి రాయించేవారు. పుస్తకం ఎవరు రాస్తే సంఘం వాళ్ల చేతిలో ఉండేది. చదవడం రావడం ఎంత పని చేస్తుందో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం చూపించింది. చదువుకునే వాచకం నుంచే 1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక పోరాటానికి దారి పడింది. తెర మీద వచ్చిన హెచ్చరికను చదివి అర్థం చేసుకోవడం కూడా ఇవాళ అక్షరాస్యతే. దానికి మనం వాచకం తయారు చేయలేదు. "డిజిటల్ శిక్షణ" పేరుతో రెండు గంటలు కూర్చోబెట్టి యాప్ ఎలా నొక్కాలో చూపిస్తున్నారు. అది పాడైతే ఏం చేయాలో, అది ఎవరిదో చెప్పడం లేదు.

ఈ విషయంలో ఇంకా లోతైన ప్రమాదం ఒకటుంది. కోనసీమలోనే ఒక స్త్రీ బట్టల మీద ఎంబ్రాయిడరీ చేసి వాట్సాప్ బిజినెస్‌లో అమ్మేది. హింస భరించలేక పుట్టింటికి వెళ్లిపోయింది. కుట్టు మిషను తెచ్చుకోగలిగింది. సిమ్ భర్త పేరున ఉంది. అతను కొత్త సిమ్ కార్డు తీసుకుని ఆ నెంబరును తన ఫోనులో పెట్టుకున్నాడు. వాట్సాప్‌లో నెంబరే ఖాతా కాబట్టి, అయిదేళ్లుగా ఆమె కూడబెట్టుకున్న గిరాకీలంతా ఒక్క పూటలో అతని చేతికి పోయారు. అడిగిన వాళ్లందరికీ "ఆవిడ మానేసింది" అని జవాబు వెళ్లింది. మరొకచోట ఇందుకు తిరగబడిన కథ. ఫోను ఆమెదే, కానీ పాస్‌వర్డు ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆమె ఎవరితో మాట్లాడుతోందో, డబ్బు ఎక్కడ దాస్తోందో భర్త రోజూ చూస్తుండేవాడు.

2005 నాటి గృహహింస చట్టం మూడో సెక్షన్ ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది. స్త్రీకి హక్కున్న ఆర్థిక వనరులు ఆమెకు అందకుండా చేయడం అందులోకి వస్తుంది. వ్యాపారపు ఫోను నెంబరు, వెబ్‌సైటు పేరు, గిరాకీల జాబితా ఇవాళ ఆర్థిక వనరులేనని నా వాదన. కుట్టు మిషనును వనరు అని ఒప్పుకునే కోర్టు దీన్ని ఎందుకు ఒప్పుకోకూడదు? కౌన్సెలింగు కేంద్రాల్లో పనిచేసే వాళ్లు పిటిషన్ రాసేటప్పుడు నగలు, సామాన్ల జాబితాతో పాటు ఈ ఖాతాల జాబితా కూడా రాయించడం మొదలుపెట్టాలి. రక్షణ అధికారులకు ఇది కొత్తగా ఉండవచ్చు. ఒకప్పుడు ఆర్థిక హింస అన్న మాటే కొత్త.

కాట్రేనికోన వాళ్లు ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. వ్యాపారం పేరు మీద ఒక ఈమెయిలు తెరిచారు. డొమైను, హోస్టింగు దాని మీదికే మార్పించుకున్నారు. లోపలికి వెళ్లే వివరాలు ఇద్దరికి తెలుసు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదని వాళ్లే నియమం పెట్టుకున్నారు. గడువు తేదీలన్నీ పొదుపు పుస్తకం చివరి పేజీలో రాసి, నెల సమావేశంలో హాజరు తర్వాత చదువుతారు. పాస్‌వర్డు మాత్రం ఆ పుస్తకంలో రాయరు. ఆర్డర్ల వివరాలు ఫోనులోనే కాక ఇంకోచోట కూడా దాచి పెడుతున్నారు. మరిది కొడుకు ఇప్పటికీ సాయం చేస్తాడు, కానీ సాయం చేసే మనిషిగా. అతనికిచ్చిన అనుమతిని వీళ్లు కావాలంటే తీసేయగలరు.

సిమ్ సంగతి ఒక్కటి మిగిలింది. తన పేరున ఎన్ని ఫోను నెంబర్లున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. చాలామంది స్త్రీల చేతిలో ఉన్న నెంబరు వాళ్ల పేరున ఉండదు. దాన్ని తన పేరుకు మార్చుకోవాలంటే ఇప్పటి పేరుదారు కూడా ఒప్పుకోవాలి. గొడవ మొదలయ్యాక ఆ ఒప్పుకోలు దొరకదు. ఇంట్లో అంతా సవ్యంగా ఉండి, ఎవరికీ ఏ అనుమానమూ లేని రోజున, సంఘం తీర్మానం ప్రకారం అందరూ మార్చుకుంటున్నారని చెప్పి మార్పించుకోవడం తేలిక. ఆ తీర్మానం రాయడం సంఘం పని.